ముందు పని అడిగి, తర్వాత గోరు చూసి

దివిసీమలో నాగాయలంక దగ్గర రొయ్యల షెడ్డులో పనిచేసే మా పిన్నికి కుడిచేతి మూడు వేళ్ళ గోళ్ళు పాడయ్యాయి. గోటి మొదట్లో చర్మం ఉబ్బి, ఎర్రగా కంది, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. గోరు మీద అడ్డంగా దున్నినట్టు చాళ్ళు. చూపుడువేలి గోటికి ఒక పక్కన నాచు పట్టినట్టు ఆకుపచ్చ మరక. ఇరుగుపొరుగు పుప్పిగోరన్నారు. మందుల షాపులోనూ అదే మాట చెప్పి ఫంగస్ బిళ్ళలు ఇచ్చారు. ఒక షీటు అయిపోతే ఇంకో షీటు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. గోళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, కడుపులో మాత్రం మంట మొదలైంది.

బందరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చెయ్యి చాపబోతే ఆవిడ ఆపింది.

"ముందు చెప్పండి, ఏం పని చేస్తారమ్మా?"

"రొయ్యలు ఒలుస్తామమ్మా. తలకాయ తీసి, పొట్టు తీసి, నరం లాగేస్తాం."

"రోజుకి ఎన్ని గంటలు చేతులు నీళ్ళలో ఉంటాయి?"

"నీళ్ళు కాదమ్మా, ఐసు. సరుకు దిగిన రోజు తెల్లారుజామున కూర్చుంటే మధ్యాహ్నం దాకా."

అప్పుడు పిన్ని వేలు పట్టుకుని దీపం కిందికి లాగింది. చర్మం గోటిని కలిసే చోట సన్నటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. అద్దం అంచుకు పూసిన లప్పంలాగా గోటికీ చర్మానికీ మధ్య సందు లేకుండా మూసేస్తుంది. నా వేలికి ఉంది. పిన్ని మూడు వేళ్ళకీ లేదు. ఆ చోట చిన్న సందు, అందులో తడి. "ఇక్కడ ఉండాల్సిన పొర ఊడిపోయిందమ్మా. నీళ్ళు లోపలికి దిగుతున్నాయి" అంది డాక్టరమ్మ. పిన్నికి వెంటనే అర్థమైంది. "గట్టు తెగిందన్నమాట" అంది.

దివిసీమ మనిషికి ఇంతకంటే వివరంగా చెప్పాల్సిన పని లేదు. గట్టు తెగినచోట ఎన్ని మందులు చల్లినా చేను బాగుపడదు, ముందు గండి పూడ్చాలి. పిన్ని జబ్బు పేరు దీర్ఘకాలిక గోరుచుట్టు. ఆరు వారాలు దాటి వేధించే గోరుచుట్టును డాక్టర్లు ఈ కోవలో వేస్తారు. చాలాకాలం దీన్ని ఫంగస్ జబ్బుగానే లెక్కగట్టారు, ఎందుకంటే ఆ సందులోంచి తీసిన తడిలో కాండిడా అనే బూజు తరచుగా కనిపిస్తుంది. కానీ ఆ బూజు తెగిన గట్టులోంచి వచ్చిన చుట్టమే తప్ప గట్టు తెంపింది అది కాదు. నీళ్ళు, సబ్బు, ఐసు, రొయ్య రసం కలిసి చర్మాన్ని ఒరిపిడి పెట్టి వాపు తెస్తాయి. ఆ వాపుతో పొర ఊడుతుంది, ఊడిన దారినే బూజులు వస్తాయి. 2002లో ఇటలీ వైద్యులు ఈ రోగులకు ఒక వర్గానికి ఫంగస్ బిళ్ళలు, ఇంకో వర్గానికి వాపు తగ్గించే స్టీరాయిడ్ పూతమందు ఇచ్చి పోల్చి చూశారు. పూతమందుకే ఎక్కువ గోళ్ళు బాగుపడ్డాయి. పిన్ని ఎనిమిది నెలల బిళ్ళలు ఎందుకు పనిచేయలేదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఆ ఆకుపచ్చ మరక సంగతి వేరు. అది ఫంగస్సూ కాదు, నాచూ కాదు. సూడోమోనాస్ అనే బాక్టీరియా తయారుచేసే రంగు. తడి ఎక్కడుంటే అక్కడ బతికే సూక్ష్మజీవి అది. గోరు తన కింది చర్మాన్ని వదిలి కాస్త లేచి, అక్కడ చెమ్మ నిలిస్తే అక్కడ కాపురం పెడుతుంది. లేచిన గోరు కత్తిరించి, చెయ్యి పొడిగా ఉంచితే చాలావరకు దారికొస్తుంది. ఫంగస్ బిళ్ళ దాన్ని తాకను కూడా తాకదు.

రోగిని 'ఏం పని చేస్తావు' అని అడగడం మనకు మామూలు ప్రశ్నలా అనిపిస్తుంది. వైద్యంలో దానికి మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఇటలీకి చెందిన బెర్నార్దినో రామజ్జీని 1700లో వృత్తులవాళ్ళకు వచ్చే జబ్బుల మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ చెప్పిన ప్రశ్నలన్నీ అడిగాక ఇంకొక్కటి కూడా అడగండి, రోగి వృత్తి ఏమిటో కనుక్కోండి అని అందులో తోటి వైద్యులకు సలహా ఇచ్చాడు. పాకీపనివాళ్ళనీ, కుమ్మరులనీ, చాకళ్ళనీ వాళ్ళు పనిచేసే చోటికే వెళ్ళి చూసినవాడు. ఆయన బందరు వచ్చి ఉంటే చూడవలసిన చేతులు ఎన్నో ఉండేవి అనిపిస్తుంది నాకు. ఊడ్పుల చేతులు, వల లాగే చేతులు, కలంకారీ అచ్చు కొట్టే చేతులు, రోల్డుగోల్డు పూత వేసే చేతులు, లడ్డు తొక్కే చేతులు.

అయితే చేతుల దగ్గరికి వెళ్ళే ముందు గోరు ఎలా పెరుగుతుందో తెలియాలి. దానికి ఆషాఢం గోరింటాకు కంటే మంచి పాఠం నాకు కనపడలేదు.

గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరాటిన్ అనే మాంసకృత్తుతో గట్టిగా బంధం కడుతుంది. చర్మం పై పొరలు రాలిపోతూ ఉంటాయి కాబట్టి అరచేతి ఎరుపు పదిహేను రోజుల్లో వెలిసిపోతుంది. గోటి ఎరుపు రాలదు, జరుగుతుంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు వినాయక చవితి నాటికి గోటి మొదలు నుంచి అర సెంటీమీటరు పైకి జరిగి ఉంటుంది, కింద తెల్లటి కొత్త గోరు నెలవంకలా బయటపడుతుంది. దసరాకి దాదాపు ఒక సెంటీమీటరు. సంక్రాంతి ముగ్గులు వేసే వేళకి చివరి ఎర్రటి ముక్క కూడా కత్తిరింపులో పోతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం మారడానికి ఆరు నెలలు. కాలి గోరు అందులో సగం వేగం కూడా ఉండదు, బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

ఈ లెక్కను ఒక మనిషి ముప్ఫై అయిదేళ్ళు ఓపిగ్గా కట్టాడు. విలియం బీన్ అనే అమెరికన్ వైద్యుడు 1941లో, తన 32వ ఏట, ఎడమ బొటనవేలి గోటి మొదట్లో చిన్న గీత గీసి, అది చివరికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో రాసుకోవడం మొదలుపెట్టాడు. నెలనెలా అదే పని. అప్పట్లో రోజుకు 0.123 మిల్లీమీటర్లు పెరిగిన గోరు ఆయనకు 67 ఏళ్ళు వచ్చేసరికి 0.095కి తగ్గింది. 1980లో ఆ లెక్కంతా ప్రచురించాడు. మన ఇళ్ళలో అమ్మమ్మలు ఏటేటా అదే ప్రయోగం చేస్తున్నారు, కాకపోతే కొలత రాసుకోలేదు.

గోరు పుట్టేది మనకు కనిపించే చోట కాదు. చర్మం మడత కింద, గోటి వేరు దగ్గర కణాలు విభజన చెంది, చచ్చి, గట్టిపడి, బిళ్ళలా బయటికి వస్తాయి. అక్కడ పని కొన్నాళ్ళు ఆగితే ఆ ఆగిన గుర్తు గోటి మీద అడ్డచాలుగా మిగులుతుంది. పారిస్ వైద్యుడు జోసెఫ్ బో 1846లో ఈ చాళ్ళను వివరించాడు, అందుకే వాటికి ఆయన పేరు. పది వేళ్ళ గోళ్ళ మీదా ఒకే ఎత్తున అడ్డచాలు ఉంటే శరీరం మొత్తానికి ఏదో పెద్ద దెబ్బ తగిలిందని అర్థం. టైఫాయిడ్, డెంగ్యూ, ఆపరేషన్, కీమోథెరపీ, కొందరికి కోవిడ్. చాలు మొదలు నుంచి ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిచి 3తో భాగిస్తే ఎన్ని నెలల కిందటి సంగతో వస్తుంది. 6 మిల్లీమీటర్లంటే రెండు నెలల కిందటి జ్వరం. చిన్నపిల్లలకు చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులు వచ్చే వైరస్ జ్వరం తగ్గిన నెలా రెండు నెలలకు గోళ్ళు మొదట్లోంచి ఊడి వచ్చేస్తుంటాయి. తల్లులు హడలిపోతారు. అది కూడా ఇదే లెక్క, కింద కొత్త గోరు అప్పటికే బయలుదేరి ఉంటుంది.

పిన్ని చాళ్ళు ఈ కోవలోవి కావు. ఆమెకు మూడు వేళ్ళకే ఉన్నాయి, ఒక్కో గోటికి ఒక్కో ఎత్తున, ఒకదాని వెంట ఒకటి. గోటి వేరు పక్కన వాపు పెరిగినప్పుడల్లా ఒక చాలు పడింది. షెడ్డుకి సరుకు దండిగా దిగిన రోజులేవో ఆ చాళ్ళను బట్టి దాదాపు చెప్పేయవచ్చు. అన్ని వేళ్ళకా కొన్నిటికా, రెండు చేతులకా పనిచేసే చేతికేనా, చేతులకేనా కాళ్ళకు కూడానా అన్న ఈ మూడు ప్రశ్నల్లోనే సగం రోగనిర్ధారణ తేలిపోతుంది.

కృష్ణా దిగువ డెల్టా మొత్తం తడి చేతుల నేల. కాలవలకు నీళ్ళు వదిలి ఊడ్పులు మొదలయ్యాయంటే గుడివాడ, పామర్రు, మొవ్వ చుట్టుపక్కల ఆడవాళ్ళ వేళ్ళు నెలరోజుల పాటు బురదలోనే. నందివాడ వైపు చేపల చెరువులు, కోడూరు, నాగాయలంక వైపు రొయ్యల చెరువులు, గిలకలదిండిలో వేట. ఇంట్లో గిన్నెలు, బట్టలు, పసుపు, ఉల్లి సరేసరి. ఆషాఢంలోనే గోరింటాకు ఎందుకంటే బురదలో నానే చేతులకు కాపుగా అని పెద్దవాళ్ళు చెబుతారు. లాసోన్‌కు బూజులను కొంత అణిచే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. చేలో నిలబడ్డ మనిషికి అది ఎంత మేలు చేస్తుందో వేరే మాట, కానీ ఆ ఆచారం వెనక తడి చేతుల మీద పెట్టిన చూపు నాకు ఇష్టం.

బందరు పేరు చెప్పగానే గుర్తొచ్చే తొక్కుడు లడ్డు తయారీలో కూడా ఒక చిక్కుంది. వేయించిన శనగపిండిని రోట్లో రోకళ్ళతో దంచుతారు, బెల్లం పాకం పోసి మళ్ళీ దంచుతారు. మిఠాయి చేసేవాళ్ళకు గోరుచుట్టు ఎక్కువని వైద్య పుస్తకాలు ఎప్పటి నుంచో రాస్తున్నాయి. తీపి అంటిన చేతులను మాటిమాటికీ కడగాలి, కడిగిన తడి ఆరకముందే మళ్ళీ పాకం. కాండిడాకు చక్కెర అంటే పండగ. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఇక్కడే గుర్తొస్తుంది. దంచే పనిలో ఉన్న చేతికి గోరుచుట్టు వస్తే, ఆ చేతి దగ్గరే రోకలి ఉంటుంది.

సామెతలోని గోరుచుట్టు బహుశా అప్పటికప్పుడు వచ్చే రకం. ఒక్క వేలికి, రెండు మూడు రోజుల్లో ఉబ్బి, చీము పట్టి, నిద్రపట్టనివ్వదు. గోటి పక్క పీచు లాగడం, ముల్లు గుచ్చుకోవడం, గోరు కొరకడం వల్ల స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా లోపలికి వెళ్ళి చేసే పని. సుశ్రుతుడు కూడా చిప్పం, కునఖం అని రెండు గోటి జబ్బులను చిన్న రోగాల వరుసలో చెప్పాడు. మన ఊళ్ళలో దీనికి నిమ్మకాయ దొప్ప తొడుగుతారు. వేలు చల్లగా అనిపిస్తుందేమో కానీ పగిలిన చర్మానికి పులుపు మంట పెడుతుంది, లోపలి చీము అలాగే ఉంటుంది. మొదటి రోజుల్లో గోరువెచ్చటి నీళ్ళలో రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచి, తీసి తుడవడం మేలు. చీము కనబడితే డాక్టరు చిన్న గాటుతో తీసేస్తారు. మాటిమాటికీ వస్తుంటే రక్తంలో చక్కెర చూపించుకోవాలి. వేలి చివర చీముకు బదులు నీటి పొక్కులు గుత్తిగా వచ్చి సూదులు గుచ్చినట్టు ఉంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. దాన్ని కోయకూడదు.

చెరువుల మీద పనిచేసేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రొయ్య కొమ్మో చేప ముల్లో గుచ్చుకున్న నాలుగైదు రోజులకు వేలు ఊదారంగు కలిసిన ఎరుపుతో వాచి, అంచు స్పష్టంగా గీసినట్టు కనపడుతూ నెమ్మదిగా పాకుతుంది. చీము ఉండదు, నొప్పి మాత్రం వాపుకు మించి ఉంటుంది. చేపలు, మాంసం కోసేవాళ్ళకు వచ్చే ఎరిసిపెలాయిడ్ అనే జబ్బు ఇది. పెన్సిలిన్‌తో తగ్గుతుంది. 'రొయ్య గుచ్చుకుంది' అన్న ఒక్క మాట చెప్పకపోతే డాక్టరుకు కూడా తట్టకపోవచ్చు.

ఇంతకీ నిజమైన పుప్పిగోరు ఉండదా అంటే ఉంటుంది, చాలా ఉంటుంది. ముఖ్యంగా కాళ్ళకు. వేళ్ళ సందులు నాని పాచిపోయి, అక్కణ్ణించి ట్రైకోఫైటన్ రూబ్రమ్ లాంటి ఫంగస్ గోటి చివర నుంచి లోపలికి పాకుతుంది. గోరు పసుపుపచ్చగా మారి, దళసరై, కింద పిండిలాంటి పొడి చేరుతుంది. అయితే రూపం చెడిన గోళ్ళన్నీ కలిపి చూస్తే వాటిలో ఫంగస్ వాటా సుమారు సగమే. మిగతా సగం సోరియాసిస్, దెబ్బలు, బిగుతు చెప్పులు, వయసు, ఇంకా ఎన్నో. కంటితో చూసి చెప్పేవాళ్ళు నాణెం ఎగరేసి చెప్పినట్టే.

అందుకే పరీక్ష. ఆ రోజు డాక్టరమ్మ పిన్నికి చేసింది నేను దగ్గర నుంచి చూశాను. ముందు గోరు స్పిరిటుతో తుడిచింది. లేచిన గోటి చివరను కత్తిరించి పారేసింది, అక్కడ బయటి బూజులు ఉంటాయి కాబట్టి. తర్వాత గోటి కింద ఎంత లోపలికి అందితే అంత లోపలి నుంచి చిన్న గరిటెలాంటి పరికరంతో పొడి గీరింది. ఆవగింజ పాటి పొడి. దాన్ని గాజుపలక మీద వేసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసింది. ఆ క్షారం కెరాటిన్‌ను కరిగిస్తుంది, ఫంగస్ గోడను కరిగించలేదు. చర్మపు పొట్టు అయితే కాసేపట్లో కరుగుతుంది, గోరు గట్టిది కాబట్టి గంటా రెండు గంటలు ఆగాలి. మేం బయట టీ తాగి వచ్చాం. సూక్ష్మదర్శినిలో నన్నూ చూడనిచ్చింది. ఫంగస్ ఉంటే కొమ్మలు కొమ్మలుగా సన్నటి దారాలు అడ్డంగా పోతాయట. పిన్ని పొడిలో దారాలు లేవు. అనుమానం తీరకపోతే అదే పొడిని సీసాలో పెంచి చూస్తారు, దానికి రెండు నుంచి నాలుగు వారాలు. గోటి ముక్కను రంగు వేసి చూసే పరీక్ష ఇంకా నమ్మకమైనది. అప్పటికే ఫంగస్ మందు వాడుతుంటే పరీక్షలో ఫంగస్ దొరక్కపోవచ్చు, మామూలుగా ముందు కొన్నాళ్ళు ఆపాలి; పిన్ని విషయంలో ఊడిన పొరా, చేసే పనీ కూడా అదే మాట చెప్పాయి. ఖర్చంతా కలిపి ఎనిమిది నెలల బిళ్ళల్లో ఒక నెల బిళ్ళల వెల కూడా కాలేదు.

పరీక్షలో ఫంగస్ తేలితే టెర్బినాఫిన్ లాంటి మందు చేతి గోళ్ళకు ఆరు వారాలు, కాలి గోళ్ళకు పన్నెండు వారాలు వాడమంటారు. కాలేయం పరీక్ష చేయించి మరీ ఇస్తారు. మందు కోర్సు ముగిసిన రోజున గోరు బాగయినట్టు కనిపించదు. మంచి గోరు మొదటి నుంచి నడుచుకుంటూ రావాలి కదా. ఇది తెలియక చాలామంది మందు మార్చేస్తారు, డాక్టర్ని మార్చేస్తారు. ఇంకో ప్రమాదం కూడా తలుపు తట్టింది. మన దేశంలో తామరకు స్టీరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులు అడ్డూ అదుపూ లేకుండా వాడేశారు. మామూలు మోతాదుకు లొంగని ఫంగస్ రకం ఒకటి విస్తరించింది. 2020లో దానికి పెట్టిన పేరులోనే మన దేశం ఉంది, ట్రైకోఫైటన్ ఇండోటినియే. పరీక్ష లేకుండా నెలల తరబడి ఫంగస్ మందు మింగడం ఎంత అనవసరమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక ఈ తీర ప్రాంతానికి పెద్ద ప్రయోగశాల ఇంకాస్త దగ్గరయింది. ఆవగింజంత గోటి పొడి అక్కడికి చేరడమే మిగిలింది.

ఫంగస్ అని పొరబడే జబ్బుల్లో సోరియాసిస్ ముందుంటుంది. గోరు మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, గోటి కింద నూనె చుక్క పడ్డట్టు గోధుమరంగు మచ్చ దీని ఆనవాళ్ళు. కొందరికి ఒంటి మీద పొలుసులు లేకుండా గోళ్ళకే వస్తుంది. ఇలాంటివాళ్ళకు తర్వాత కీళ్ళ నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ముందే పట్టుకోవడం మంచిది. తీవ్రంగా ఉంటే మెథోట్రెక్సేట్ ఇస్తారు, ఆ మందు చెరుపు చేయకుండా వేరే రోజు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. ఈ రెండూ ఒకే ప్రయోగశాల బిడ్డలు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఫోలిక్ యాసిడ్ తయారైంది, దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే తయారయ్యాయి. ఈ ఎదురు మందులను మొదట పిల్లల రక్త క్యాన్సరుకు వాడారు. ఆయన 1948లో పోయారు. అమినోప్టెరిన్ సోరియాసిస్‌కు పనికొస్తుందని 1951లో బయటపడింది, ఆయన చూడలేదు. తెలుగువాళ్ళు మాత్ర వేసుకునేటప్పుడు ఆ పేరు తలుచుకోవాలని నా కోరిక. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన బృందందే. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను ఇప్పుడు ఎలుక జ్వరానికి ఇస్తారు. అది వేసుకుంటూ ఎండలో పడవ మీదో ఉప్పుమడిలోనో పనిచేస్తే కొందరికి గోరు చివర నుంచి లేచిపోతుంది. దాన్ని కూడా పుప్పిగోరే అంటారు. మందు ఆగితే గోరు దానంతటదే వస్తుంది.

నలుపు సంగతి జాగ్రత్తగా చెప్పాలి. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళ గోళ్ళు చూశాను. కరక్కాయ కషాయం ఎక్కిన గుడ్డ మీద ఇనుప తుప్పుతో చేసిన రసం పడితే నల్లరంగు పుడుతుంది. అదే రసాయనం గోటి మీదా జరుగుతుంది. ఈ మరక బయటిదో లోపలిదో ఎలా తెలుస్తుంది? గోరు కాస్త పెరగనిచ్చి మరక కింది అంచు చూడాలి. బయటి నుంచి అంటిన రంగు అంచు చర్మం మడత వంపునే అనుసరిస్తుంది, మడతలోపలికి రంగు వెళ్ళలేదు కదా. లోపలి నుంచి వచ్చిన రంగు అయితే గోటి మొదట్లోని తెల్లటి నెలవంక వంపును అనుసరిస్తుంది. గోరింటాకుతోనే ఇంట్లో ఇది చూసుకోవచ్చు. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిన నలుపు అయితే గోటితో పాటే ముందుకు జరుగుతుంది.

జరగనిది, గోటి మొదలు నుంచి చివరదాకా నిలువుగా సాగే గోధుమ, నలుపు గీత. మన మేని ఛాయ వాళ్ళలో చాలామందికి ఇవి సహజంగా ఉంటాయి, అనేక వేళ్ళకు, ఏళ్ళ తరబడి మార్పు లేకుండా. బి12 లోపంలో కూడా గోళ్ళు, వేలి కణుపులు నల్లబడతాయి, ఇంజక్షన్లతో తేటబడతాయి. భయపడాల్సింది నడివయసు దాటాక ఒక్క వేలికి, ముఖ్యంగా బొటనవేలికో కాలి బొటనవేలికో కొత్తగా వచ్చి, వెడల్పు పెరుగుతూ, గోరు దాటి పక్క చర్మంలోకి నలుపు పాకే గీతకు. అలా పాకడాన్ని జొనాథన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు 1886లో గుర్తించి, దాన్ని నల్ల గోరుచుట్టు అన్నాడు. అది మెలనోమా అనే క్యాన్సరు కావచ్చు. గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది ఇదే. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో జబ్బు తేలింది, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. ఆ గీతకు నూనె రాసుకుంటూ కూర్చోవద్దు. ముక్క తీసి పరీక్ష చేయించాలి.

లోపలి జబ్బులను గోరు చెప్పే మాట నిజమే, అయితే అది సైగ మాత్రమే. గోరు గరిటెలా గుంటపడి, మీద వేసిన నీటిచుక్క జారకుండా నిలిస్తే ఇనుము లోపం అనుమానించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ళలో గరిటె గోళ్ళు ఉన్నవాళ్ళు చాలా తక్కువ, ఎందుకంటే అది ఆఖర్న వచ్చే గుర్తు. గోరు బాగుంది కాబట్టి రక్తం బాగుంది అనుకోవడానికి లేదు. ఉత్త కాళ్ళతో తడి నేలలో తిరిగేవాళ్ళకు పాదాల గుండా ఎక్కే కొంకి పురుగు పేగుల్లో చేరి రక్తం తాగుతుంది, ఇనుము బిళ్ళతో పాటు నులిపురుగుల మందు కూడా పడాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు వైపు పల్లెల్లాంటి చోట పనిచేసే డాక్టర్లకు పనికొచ్చే గుర్తు ఒకటి లిండ్సే అనే వైద్యుడు 1967లో చెప్పాడు. గోటి కింది సగం తెల్లగా, పై సగం గోధుమ ఎరుపుగా ఉండటం. క్రియాటినిన్ పరీక్ష లేకుండా దాంతోనే ఏదీ తేల్చరు.

చుట్ట కాల్చే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పని చేయించండి. రెండు చేతుల చూపుడువేళ్ళ గోళ్ళను వీపు వీపు కలిపినట్టు ఆనించమనండి. మామూలుగా గోళ్ళ మొదళ్ళ మధ్య వజ్రం ఆకారంలో చిన్న సందు, అందులోంచి వెలుతురు కనిపిస్తుంది. ఆ సందు మూసుకుపోయి, వేలి చివర్లు డోలు పుల్లల్లా ఉబ్బితే ఊపిరితిత్తుల, గుండె పరీక్ష వాయిదా వేయకూడదు. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్‌రాత్ 1976లో ఈ సంగతి చెప్పాడు. గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్ళ మధ్యే ఆ వెలుతురు మాయమవడం చూసుకున్నాడు.

ఇక పిల్లల గోళ్ళ మీది తెల్లచుక్కలు. కొంగల బారు ఎగిరిపోతుంటే గోళ్ళు చూపించి తెల్లమచ్చలు అడగని బాల్యం ఈ డెల్టాలో లేదు. అవి కొంగ ఇచ్చినవి కావు, కాల్షియం లోపమూ కాదు. గోటి వేరుకు ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ. టానిక్కులు కొనక్కర్లేదు.

పిన్నికి డాక్టరమ్మ రాసింది ఒక పూతమందు, గోటి సందులో వేసుకునే చుక్కలు. అసలు మందు మాత్రం నోటితో చెప్పింది. రబ్బరు తొడుగు ఒక్కటే వేసుకుంటే లోపల చెమట పట్టి అదీ తడే అవుతుంది, లోపల నూలు తొడుగు, దాని మీద రబ్బరు తొడుగు వేసుకోవాలి. తడిసిన నూలు తొడుగు మార్చుకోవాలి. పని అయ్యాక తుడిచి, వ్యాసలైన్ రాసుకోవాలి. గోటి మొదట్లో చర్మాన్ని వెనక్కి నెట్టకూడదు. పిన్ని అన్నీ విని, "తొడుగేసుకుంటే చెయ్యి సాగదమ్మా. మాకు కిలోల లెక్కన ఇస్తారు" అంది. డాక్టరమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కుడిచేతి ఆ మూడు వేళ్ళకయినా వేలి తొడుగులు వేసుకోమంది, ఎడమ చెయ్యి సంగతి తర్వాత చూద్దామంది.

అది శ్రావణమాసం. దసరాకి బొటనవేలి మొదట్లో ఆ పారదర్శకమైన పొర మళ్ళీ పట్టింది, పిన్ని ఫోనులో ఫోటో తీయించి పంపింది. చాళ్ళు నెమ్మదిగా పైకి జరిగాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని బొటనవేలి మీది ఆఖరి చాలును గోళ్ళ కత్తెరతో నా ముందే కత్తిరించింది, ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. మధ్యవేలు కూడా దారికొచ్చింది. చూపుడువేలు ఇంకా ఉబ్బే ఉంది. తల విరిచేది ఆ వేలితోనే, తొడుగు ఉంటే పట్టు దొరకదట. పండగ అయిపోగానే సరుకు మళ్ళీ దిగుతుందని చెప్పింది.